53వ స్థానం కోసం

నవంబరులో ఒక ఆదివారం సైక్లోక్రాస్ అనే సైకిలు రేసు అయ్యాక, ఎవరో తీసిన ఫోటోని సాయంత్రం మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. భుజాన సైకిలు, తొడల దాకా అడుసు, ముఖంలో కళ్ళూ పళ్ళూ మాత్రమే తెల్లగా కనబడుతున్నాయి. తెనాలి పక్కన మా ఊళ్ళో అప్పుడే తెల్లవారుతోంది. ముందు బాబాయి లేచినట్టున్నాడు. "అడుసు తొక్కనేల, కాలు కడుగనేల" అని సామెత పెట్టాడు. వెనకాలే మా పెదనాన్న కొడుకు, ఇప్పటికీ ఊళ్ళో వ్యవసాయం చేస్తున్న అన్నయ్య అడిగాడు.

"ఎన్నోవాడివి వచ్చావురా?"

"53."

"ఎంతమందిలో?"

"61."

కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. మళ్ళీ అన్నయ్యే రాశాడు. "నాట్లకి రారా అంటే ఏనాడూ మడిలో కాలు పెట్టలేదు. అక్కడ ఎదురు డబ్బు కట్టి దిగావా? అదీ 53వ వాడిగా రావడానికి?"

అన్నయ్య వెటకారం చేసే మనిషి కాదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. ఆ రాత్రి ఒక జవాబు రాసి, చెరిపేసి, మళ్ళీ రాసి, చివరికి ఏదీ పంపకుండానే పడుకున్నాను. అతను అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. గెలవలేని పోటీలోకి దిగడమెందుకన్నది ఒకటి. తన కుటుంబానికి పొట్టకూడు పెట్టే బురద నాకు ఆట ఎలా అయిందన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర జవాబుంది, గట్టిగానే చెప్తాను. రెండోదాని దగ్గర నాకు ఇప్పటికీ మాట తడబడుతుంది.

ఆ రోజు నేల

మేముండేది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌ల్యాండ్ పక్కన. ఇక్కడ అక్టోబరులో పట్టుకున్న వాన వసంతం దాకా సరిగ్గా తెరిపివ్వదు. సైక్లోక్రాస్ ఆడేది ఆ కాలంలోనే. పార్కులోనో పొలంలోనో మూడు కిలోమీటర్ల లోపు దారికి రెండు వైపులా టేపు కడతారు. గడ్డి, మట్టి, మెట్లు, ఏటవాలు గట్టు, మధ్యమధ్య అడ్డంగా 40 సెంటీమీటర్ల ఎత్తు చెక్కలు. తొక్కగలిగినంత మేర తొక్కాలి, తొక్కలేని చోట దిగి సైకిలు ఎత్తుకుని పరిగెత్తాలి. నేనున్నది ఔత్సాహికుల్లో కింది నుంచి రెండో విభాగం. అన్ని వయసులవాళ్ళూ ఉంటారు. మాకు 45 నిమిషాలు.

ఆ రోజు రేసు కొండవాలున ఉన్న ఒక పొలంలో జరిగింది. ఈ కొండల మీద జోరీ అనే ఎర్ర బంకమట్టి ఉంటుంది. 2011లో ఇక్కడి చట్టసభ దీన్ని రాష్ట్ర మట్టిగా ప్రకటించింది. పువ్వుకీ పిట్టకీ ఇచ్చే గౌరవం మట్టికి కూడా ఇచ్చారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. మా ఊరి నల్లరేగడికీ అలాంటిదొకటి ఉండాలనిపించింది.

శనివారమంతా కురిసిన వాన ఆదివారం పొద్దున ఆగిపోయింది. సైక్లోక్రాస్ చేసేవాళ్ళు భయపడేది సరిగ్గా ఇలాంటి రోజుకే. వాన పడుతూనే ఉంటే బురద పులుసులా పల్చగా ఉంటుంది. జారుతుంది కానీ అంటుకోదు, చక్రం తిరిగేకొద్దీ అదే కడుక్కుపోతుంది. వాన ఆగి నీరు ఇంకడం మొదలయ్యాక అదే మట్టి జిగురెక్కుతుంది. ముందు టైరుకి పడుతుంది, ఆ టైరుకి గడ్డి పడుతుంది, గడ్డీ మట్టీ కలిసి ఫ్రేముకీ చక్రానికీ మధ్య సందులో తాపడం చేసినట్టు బిగుసుకుంటాయి. ఈ సంగతి అన్నయ్యకి ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్ళు నిలిచిన దమ్ములో కాలు తేలిగ్గా పైకొస్తుంది. నీరు తీసేసిన మడిలో పిక్క దాకా కరుచుకుంటుంది.

టైరు వెడల్పు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 33 మిల్లీమీటర్లు దాటకూడదు. కాబట్టి ఉన్న టైర్లో గాలి తగ్గించి, అది నేల మీద వెడల్పుగా పరుచుకునేలా చెయ్యాలి. నేను 22 పీఎస్‌ఐ పెట్టాను. రోడ్డు సైకిలుకి దీనికి మూడు రెట్లు పైనే పెడతాం. మరీ తగ్గిస్తే వేరో రాయో తగిలినప్పుడు రిమ్ముకి దెబ్బ. అందుకే పొద్దున్నుంచీ జనం ఒకరి టైరు ఒకరు బొటనవేలితో నొక్కి చూస్తూ, అంకెలు అడుగుతూ తిరుగుతుంటారు. దమ్ముకి ట్రాక్టరు దించే ముందు, కేజ్ వీల్స్ బిగించేటప్పుడు మా ఊళ్ళో నడిచే చర్చలే గుర్తొచ్చాయి.

నలుగురిలో ముగ్గురు

61 మందిని ఎనిమిదేసి మంది చొప్పున వరసల్లో నిలబెట్టారు. నాది ఏడో వరస. విజిల్ మోగింది. మొదటి మలుపు దగ్గర దారి సన్నబడడంతో అందరం ఒకరి మీద ఒకరు పడబోయి ఆగాం. ఆ గుంపు విడిపోయేసరికి ముందున్న 30 మంది కనుమరుగైపోయారు. మొదటి ల్యాప్ సగమయ్యేటప్పటికి నా పోటీ ఎవరితోనో తేలిపోయింది. నీలం హెల్మెట్ పెట్టుకున్న తెల్లగడ్డం పెద్దాయన ఒకరు, సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు ఒకడు, నేను. ఇంకొకతను మాతో కొంతసేపు ఉన్నాడు కానీ చైను తెగి ఆగిపోయాడు.

ఒకచోట దారి గట్టుకి అడ్డంగా పోతుంది. నేల కింది వైపుకి వాలి ఉంటుంది కాబట్టి చక్రాలు రెండూ కిందికి జారిపోతాయి. మొదటి ల్యాప్‌లో నేను అక్కడ దిగి నడిచాను. పెద్దాయన దిగలేదు. పై వైపు కాలిని పెడల్ నుంచి తీసి, దాన్ని గట్టు మీద చేతికర్రలా ఆనిస్తూ, రెండో కాలితోనే తొక్కుకుంటూ పోయాడు. నాలుగైదు అడుగుల వెనక నుంచి చూశాను. ఏ క్షణంలో కాలు తీశాడు, ఎక్కడ ఆన్చాడు, ఒంటి బరువు ఎటు వేశాడు, అన్నీ కనబడ్డాయి. రెండో ల్యాప్‌లో నేనూ అలాగే చేశాను. ఒకసారి జారాను కానీ పడలేదు. మూడో ల్యాప్‌లో అసలు జారలేదు.

మూడో ల్యాప్‌లోనే మొదటి స్థానంలో ఉన్నతను నన్ను దాటాడు. నాకన్నా పూర్తిగా ఒక చుట్టు ముందున్నాడన్నమాట. "ఎడమ పక్క నుంచి వస్తున్నా" అని ముందే కేకేశాడు. నేను జరిగాను. అతని సైకిలు దాదాపు శుభ్రంగా ఉంది. ఆ మాటకి తర్వాత వస్తాను.

నా సైకిలు మామూలుగా తొమ్మిది కేజీలు. ఆ పాటికి దానికి ఇంకో నాలుగైదు కేజీల మట్టి పట్టినట్టుంది. చివరి ల్యాప్ గంట కొట్టారు. కుర్రాడు వెనకబడ్డాడు. నిటారుగా ఉన్న ఎక్కుడు మొదట్లో నేను పెద్దాయన కన్నా పది అడుగులు ముందున్నాను. దిగి సైకిలు భుజానికెత్తుకుని పరిగెత్తాను. తొందరలో సగం దూరం పోయాక ముందు చక్రం ఊగి మోకాలికి కొట్టుకుంది. ఒక అడుగు జారి, చెయ్యి ఆన్చి లేచాను. పైకి చేరి సైకిలెక్కితే బూటు కింద పెడల్‌కి తగులుకునే క్లీట్ అనే ముక్కలో మట్టి కూరుకుపోయి, అది పట్టుకోవడం లేదు. రెండుసార్లు పెడల్‌కేసి కొట్టాను. ఆ రెండు దెబ్బల మధ్యలో నీలం హెల్మెట్ నా పక్క నుంచి వెళ్ళిపోయింది.

మిగిలింది రెండువందల మీటర్ల గడ్డి. ఊపిరి అందడం లేదు, నోట్లో రక్తం రుచి. నా జీవితంలో ఏదైనా అంత బలంగా కోరుకుని ఎన్నాళ్ళయిందో. నాలుగు మీటర్ల తేడాతో ఆయన 52, నేను 53.

గీత దాటాక ఆయన సైకిలు మీద వాలి నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఇద్దరికీ మాట రావడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన అడిగిన మొదటి మాట, "గాలి ఎంత పెట్టావు?"

ర్యాంకు రాదనుకుంటే

నేను గుంటూరులో హాస్టల్లో ఉండి ఎంసెట్‌కి చదివినవాణ్ణి. వారం వారం పరీక్ష, సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద ర్యాంకులు. మొదటి 40 మందికి ఒక సెక్షన్, మంచి లెక్చరర్లు. తర్వాతి 40 మందికి ఇంకోటి. ఆ కిందివాళ్ళ పేర్లు లెక్చరర్లకి గుర్తుండేవి కావు. ఆ రెండేళ్ళలో ఫిజిక్సు, కెమిస్ట్రీ ఎంత వంటబట్టాయో కానీ ఒక విషయం మాత్రం ఎముకల్లో దిగిపోయింది. పైన రానిచోట అసలు ఉండకూడదు. చదరంగం ఇష్టంగా ఆడేవాణ్ణి. జిల్లా పోటీల్లో ఒకసారి మొదటి రౌండులోనే ఓడిపోయి, ఇక పావులు ముట్టుకోలేదు. ఆఫీసులో టేబుల్ టెన్నిస్ కూడా అంతే. నాకన్నా బాగా ఆడేవాళ్ళు నలుగురు చేరగానే "టైం లేదు" అని మానేశాను. నాలాంటివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నలభై దాటాక వాళ్ళు ఏ ఆటా ఆడరు. నడుస్తారు, జిమ్‌కి వెళ్తారు, ఫోన్లో అడుగులు లెక్కపెట్టుకుంటారు. ఎదుట ఇంకో మనిషి లేని వ్యాయామాలే అన్నీ.

ఇక్కడ ఇంకో రకం మాట కూడా వినబడుతుంది. "ర్యాంకుదేముంది, పాల్గొనడమే గొప్ప, పూర్తిచెయ్యడమే గెలుపు." పిల్లల పోటీల్లో అందరికీ పతకాలిస్తారు. సదుద్దేశంతోనే అంటారు, అందుకని నోరు విప్పి కాదనడం కష్టం. కానీ ఈ మాటతో నాకు ఒప్పుదల లేదు. హాస్టల్ బోర్డుకీ ఈ ఓదార్పుకీ పైకి చుక్కెదురు ఉన్నట్టుంటుంది. నా 53వ స్థానాన్ని మాత్రం రెండూ ఒకేలా చూస్తాయి. బోర్డు దృష్టిలో 53కి విలువ లేదు. ఓదార్చేవాళ్ళ దృష్టిలో 53కీ 52కీ తేడా లేదు. నాకు తేడా ఉంది. ఆ తేడా నాలుగు మీటర్లు. దానికోసం నేను ఊపిరి ఆగిపోయేలా తొక్కాను, ఆయనా తొక్కాడు. మేమిద్దరం సరదాగా తిరిగి రావడానికి వెళ్ళామని ఎవరైనా అంటే ఆయన కష్టాన్ని కూడా తక్కువ చేసినట్టే.

నేను పట్టుబట్టి చెప్పేది ఇదే. పోటీ పైనున్న ముగ్గురి సొత్తు కాదు. ఎక్కడ ఇద్దరు దాదాపు సమానమైన బలంతో ఒకే దారిలో పడతారో అక్కడ పోటీ పుడుతుంది. పైస్థానాల్లో చాలాసార్లు అది ఉండదు కూడా. నెదర్లాండ్స్ రైడర్ మాథ్యూ వాన్ డర్ పూల్ 2025లో సైక్లోక్రాస్‌లో ఏడో ప్రపంచ టైటిల్ గెలిచి, ఎప్పటిదో బెల్జియం రైడర్ ఎరిక్ డి వ్లామింక్ రికార్డుని అందుకున్నాడు. అతను తొక్కుతుంటే చూడడం నాకు పండగ. కానీ అతని రేసులు ఎన్నో మొదటి రెండు మూడు ల్యాపుల్లోనే అయిపోతాయి. మిగతా సమయమంతా కెమెరా ఒక ఒంటరి మనిషిని చూపిస్తూ ఉంటుంది. అసలు పట్టు వెనకాల ఏడో స్థానం దగ్గర, పదిహేనో స్థానం దగ్గర నడుస్తూ ఉంటుంది.

నేర్చుకోవడం సంగతి కూడా అంతే. మొదటి స్థానంలో ఉన్నవాడు నాకేమీ నేర్పలేడు. అతను నాకు కనబడేది పది సెకన్లు. ఏటవాలు గట్టు మీద కాలు ఎలా ఆన్చాలో నేర్పింది నాకన్నా ఐదు అడుగులు ముందున్న పెద్దాయన. ఆయన్ని దాటాలన్న పట్టుదల లేకపోతే నేను ఆయన కాళ్ళని అంత శ్రద్ధగా చూసేవాణ్ణి కాదు. ఇదే పద్ధతిని వీడియోల్లో ఎన్నోసార్లు చూసి కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

దీనికి ఒక ఏర్పాటు కావాలి. పెద్ద స్థాయి సైక్లోక్రాస్‌లో ముందున్నవాడి మొదటి ల్యాప్ సమయంలో 80 శాతం మేర వెనకబడినవాళ్ళని రేసు నుంచి తప్పిస్తారు. అక్కడ దానికి కారణముంది. కానీ అదే నిబంధన మా రేసుకి పెడితే నేను మూడో ల్యాప్ పూర్తికాకముందే టేపు బయట నిలబడేవాణ్ణి, పెద్దాయన కూడా. ఇక్కడి నిర్వాహకులు అలా చెయ్యరు. ముందున్నవాడు ముగించాక మిగతావాళ్ళు ఎన్ని ల్యాపుల్లో ఉన్నా తాము చేస్తున్న చుట్టు పూర్తిచేసి గీత దాటుతారు. 61వ వాడి సమయం కూడా సెకన్లతో సహా రాస్తారు. క్రాస్‌రిజల్ట్స్ అనే సైటులో ఎవరితో తలపడ్డామో చూసి మాలాంటివాళ్ళకి కూడా పాయింట్లు లెక్కకడతారు. పైవాళ్ళకి ఇచ్చే లెక్కా పత్రమూ కిందివాళ్ళకీ ఇస్తేనే కింద పోటీ బతుకుతుంది.

బురద అందరినీ సమానం చేస్తుందా?

ఈ ఆటవాళ్ళలో ఒక నమ్మకం ఉంది, బురదలో అందరూ సమానమేనని. ఖరీదైన సైకిలుకీ చవక సైకిలుకీ ఒకే మట్టి పడుతుందంటారు. వినడానికి బాగుంటుంది. నేనూ మొదటి సీజన్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదే చెప్పాను. ఇప్పుడు చెప్పను.

నన్ను దాటినవాడి సైకిలు శుభ్రంగా ఉందన్నాను కదా. నిబంధనల ప్రకారం పిట్‌లో, అంటే దారి పక్కన అందుకని కేటాయించిన చోట, సైకిలు మార్చుకోవచ్చు. బురద ఎక్కువైన రోజున పెద్ద స్థాయి రైడర్లు సగం ల్యాప్‌కొకసారి మారుస్తారు. ఒకదాని మీద తొక్కుతుంటే రెండోదాన్ని మెకానిక్‌లు ప్రెషర్ వాషర్‌తో కడిగి ఉంచుతారు. మా స్థాయిలో కూడా కొందరికి రెండు సైకిళ్ళు, పిట్‌లో నిలబడే ఒక స్నేహితుడు ఉంటారు. నాకు ఒక్కటే సైకిలు. ఎండిన రోజున ఈ తేడా తెలియదు. బురద రోజున మూడో ల్యాప్‌కల్లా తొమ్మిది కేజీలకీ పధ్నాలుగు కేజీలకీ ఉన్నంత తేడా అవుతుంది. అంటే బురద తేడాలని తగ్గించకపోగా పెంచుతోంది. ఒక్క సైకిలుతో వచ్చేవాళ్ళకి విడిగా ఒక విభాగం పెట్టాలని రెండేళ్ళుగా అడుగుతున్నాను. ఇంకా ఎవరూ పెట్టలేదు.

ఇంకో అభ్యంతరం నేల గురించి. 61 మంది నాలుగేసి సార్లు తిరిగితే పచ్చిక మిగలదు. మా విభాగం కాక రోజంతా ఇంకో పది విభాగాలు తిరుగుతాయి. 2015 జనవరిలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని జిల్కర్ పార్కులో అమెరికా జాతీయ పోటీలు జరుగుతుంటే, వానకి నానిన నేల మీద చెట్ల వేళ్ళు దెబ్బతింటున్నాయని నగర పార్కుల శాఖ ఆదివారం రేసులు ఆపేసింది. ప్రధానమైన రేసులు సోమవారానికి వాయిదాపడ్డాయి. దేశం నలుమూలల నుంచి సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళకి చాలా కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ శాఖ చేసింది సబబుగానే అనిపిస్తుంది. పార్కు అందరిది, అక్కడి ముసలి చెట్లు మా 45 నిమిషాలకన్నా ముఖ్యం. పొలాల్లో, యజమాని ఒప్పుకున్నచోట, తర్వాత గడ్డి విత్తనం చల్లే బాధ్యత మేము తీసుకుని ఆడుకోవాలి. రేసయిన తర్వాతి శనివారం గుంటలు పూడ్చడానికి వెళ్తే పదకొండు మందిమి ఉన్నాం. రేసు రోజున మాత్రం ఆ నేల మీద కొన్ని వందల సైకిళ్ళు తిరిగాయి. ఇది నాకు నచ్చలేదు.

అన్నయ్య రెండో ప్రశ్న

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వచ్చాను.

మా ఊళ్ళో నాట్లప్పుడు ఆడవాళ్ళు పొద్దున దిగితే సాయంత్రం దాకా నడుం వంచే ఉండేవాళ్ళు. నీళ్ళలో నాని నాని కాలివేళ్ళ సందులు ఒరిసి పుళ్ళయ్యేవి. రాత్రి పసుపు ముద్ద పెట్టుకుని పడుకుని, తెల్లారి మళ్ళీ అదే మడిలో దిగేవాళ్ళు. మా అమ్మ కాళ్ళూ అలాగే ఉండేవి. నన్ను హాస్టల్‌కి పంపిందే ఆ మడిలో దిగకూడదని. అలాంటిది ముప్పై ఏళ్ళ తర్వాత నేను వారం మధ్యలో వాతావరణం చూసుకుని, ఆదివారం బాగా బురదగా ఉంటే బాగుండని కోరుకుంటున్నాను. రేసయ్యాక వేడినీళ్ళ స్నానం ఉంది. సోమవారం ఏసీ గదిలో ఉద్యోగం ఉంది. అన్నయ్య మాటలో ఉన్న ముల్లు ఇక్కడే గుచ్చుకుంటుంది.

చాలా ఆలోచించాను. నాకు మొదట తట్టిన సమాధానం మా వైపు బండలాగుడు పోటీలు. సంక్రాంతికీ తిరణాలకీ ఒంగోలు ఎడ్ల జతలు బండ లాగుతాయి. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. పాలపళ్ళ నుంచి సీనియర్స్ దాకా ఎడ్లకి విడివిడిగా విభాగాలు. బహుమతులు మూడింటితో ఆగవు, ఇంకా కిందిదాకా ఉంటాయి. అన్నయ్యే ఒక ఏడాది ఆరో బహుమతి తెచ్చుకుని ఊరంతా ఊరేగాడు. ఆ రోజు ఎవరూ ఆరోవాడివి దేనికిరా అనలేదు. కర్ణాటక తీరంలో కంబళ అనే దున్నపోతుల పరుగుపందెం ఆడేది నీళ్ళు నిండిన మడిలోనే. అంటే మట్టిలో పనిచేసేవాళ్ళు కూడా ఆ మట్టిలోనే పందెం కాసుకున్నారు. పనికి ఉపయోగపడే బలాన్నీ ఒడుపునీ ఒకరోజు పనికి కాకుండా వాడి చూసుకోవడం వాళ్ళకి కొత్త కాదు. ఫ్రాన్సులో 1902లో మొదటి జాతీయ సైక్లోక్రాస్ పోటీ పెట్టినప్పుడు కూడా చలికాలపు పొలాలకి అడ్డంపడి పోవడమే ఆట.

ఈ సమాధానం సగం దూరమే వస్తుంది. ఎందుకంటే పందెంలో ఎడ్లున్నవాళ్ళున్నారు, నాట్లు వేసే ఆడవాళ్ళు లేరు. వాళ్ళు కూడా వరసల్లో ఒకరితో ఒకరు పోటీపడి నాటేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు. అడుగులు కొలిచి కాగితం మీద వాళ్ళ పేరు ఎవరూ రాయలేదు. నా ఆటలో కూడా ఈ లోపం ఉంది. ప్రపంచ పోటీలు 1950లో పారిస్‌లో మొదలైతే మహిళలకి విభాగం పెట్టింది 2000లో. యాభై ఏళ్ళు పట్టింది. ఎవరి కష్టాన్ని కొలుస్తారు, ఎవరిది వదిలేస్తారు అన్నది బురద నిర్ణయించదు, మనుషులే నిర్ణయిస్తారు. అమ్మ కాళ్ళని తలుచుకున్నప్పుడల్లా అన్నయ్యతో నేను పూర్తిగా వాదించలేను. వాదించాలని కూడా లేదు. ఆట మానెయ్యాలని మాత్రం అనిపించలేదు.

నాన్న ఫోను

మంగళవారం రాత్రి నాన్న ఫోన్ చేశాడు. ఆయనకి 76. ఫోటో ఎవరో పెద్దది చేసి చూపించారట.

నా చిన్నప్పుడు నాన్న పాలకేంద్రానికి సైకిలు మీద పాలు తీసుకెళ్ళేవాడు. ఇంటి నుంచి తారురోడ్డు దాకా కిలోమీటరున్నర డొంక, అంతా నల్లరేగడి. వానాకాలం రాగానే మడ్‌గార్డులు విప్పి అటక మీద పడేసేవాడు, లేకపోతే మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు. అయినా తిరగని రోజులుండేవి. అప్పుడు ముందు క్యాన్లు రోడ్డు దాకా మోసి, వెనక్కొచ్చి సైకిలు భుజాన వేసుకుని వెళ్ళేవాడు. తుమ్మపుల్ల విరిచి చక్రాల సందుల్లో మట్టి గీకి, మళ్ళీ ఎక్కి తొక్కేవాడు. ఏడున్నరకి కేంద్రం మూసేస్తారు. ఆలస్యమైతే ఆ పూట పాలు వెనక్కే.

నాన్న కూడా అన్నయ్యలాగే అడుగుతాడని నేను సిద్ధమయ్యాను.

"ఏరా, సైకిలు భుజాన వేసుకున్నప్పుడు హ్యాండిల్ వదిలేశావేంటి?" అన్నాడు. "చెయ్యి కిందనుంచి పోనిచ్చి హ్యాండిల్ పట్టుకోవాలి. లేకపోతే ముందు చక్రం ఊగి కాలికి కొట్టుకుంటుంది."

రెండేళ్ళ కిందట ఇక్కడ డబ్బు కట్టి చేరిన శిక్షణలో కోచ్ కూడా ఇదే చూపించాడు. కుడి భుజాన పైరాడ్, చెయ్యి కింది రాడ్ కిందుగా పోనిచ్చి హ్యాండిల్ ఎడమ కొన పట్టుకోవాలి. చివరి ల్యాప్ తొందరలో మర్చిపోయాను. మోకాలి మీద కమిలిన మచ్చ ఇంకా ఉంది. నాన్నకి ఆ సంగతి చెప్పాను.

టైరు ఎంత లావని అడిగాడు. బ్రేకులు మట్టికి పనిచేస్తాయా అన్నాడు. డిస్కు బ్రేకులని చెప్తే, అది మోటారు సైకిళ్ళకి కదా అని ఆశ్చర్యపోయాడు. నేల ఎలాంటిదన్నాడు. ఎర్ర బంక అన్నాను. "అయితే మనదంత పట్టదులే" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి అడిగాడు.

"నీ ముందువాడు ఎంత దూరంలో ఉన్నాడు?"

"నాలుగు మీటర్లు."

"నాలుగు మీటర్లేనా!" అవతల నిట్టూర్పు వినబడింది. "అయ్యో! హ్యాండిల్ పట్టుకుని ఉంటే అందేవాడురా."